ఆమ్‌స్టర్‌డామ్ షేర్ల డబ్బు బందరు దాకా ఎలా వచ్చింది

అందరికీ నమస్కారం. డచ్చివాళ్ళ గురించి మాట్లాడతానంటే అందరూ మొదట అడిగేది తులిప్ పూల పిచ్చి గురించే, కాబట్టి దాన్ని ముందే తేల్చేస్తాను. 1637 ఫిబ్రవరిలో తులిప్ దుంపల రేట్లు కుప్పకూలిన మాట నిజమే, కానీ ఆ వ్యాపారంలో దిగింది డబ్బున్న కొద్దిమందే, దేశమేమీ దివాలా తియ్యలేదు. కథ బావుంటుంది కాబట్టి చెప్పుకుంటూ వస్తున్నారు అంతే. నాకైతే దానికి 35 ఏళ్ళ ముందు జరిగిందే అసలు కథ అనిపిస్తుంది.

1602 మార్చిలో డచ్ ఈస్టిండియా కంపెనీ పెట్టారు. అప్పటిదాకా ఏ ఊరి వ్యాపారులు ఆ ఊరి కంపెనీ పెట్టుకుని ఓడలు పంపుకుంటూ, ఒకడి మీద ఒకడు పోటీపడి మిరియాల రేటు వాళ్ళే పాడుచేసుకుంటుంటే, ప్రభుత్వం కలగజేసుకుని అన్నిటినీ ఒక్కటి చేసింది. అందులో దేశంలో ఎవరైనా డబ్బు పెట్టొచ్చు, ఇంత ఉంటేనే రండి అని లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పేర్లు రాసే పుస్తకం డిర్క్ ఫాన్ ఓస్ అనే డైరెక్టర్ ఇంట్లో పెట్టారు, ఆగస్టు 31 ఆఖరు తేదీ. ఆ ఇంట్లోనే పనిచేసే నీల్ట్‌గెన్ కోర్నెలిస్ అనే పనిమనిషి కూడా 100 గిల్డర్లకి (గిల్డర్ అంటే అప్పటి డచ్ నాణెం) తన పేరు రాయించుకుంది! ఒక్క ఆమ్‌స్టర్‌డామ్‌లోనే 1,143 మంది, కంపెనీ శాఖలున్న ఆరు ఊళ్ళూ కలిపితే వచ్చిన పెట్టుబడి దాదాపు 64 లక్షల గిల్డర్లు.

అంతకుముందు పద్ధతి మన చిట్టీ లాంటిది, ఒక ప్రయాణానికి తలా కాస్త వేసుకుని, ఓడ తిరిగొచ్చాక సరుకు అమ్మి పంచుకుని లెక్క మూసేసేవాళ్ళు. కొత్త కంపెనీలో అలా కుదరదు, పదేళ్ళ దాకా పెట్టిన డబ్బు వెనక్కి రాదు, 1612లో లెక్కలు చూపించి కావాల్సినవాళ్ళకి ఇచ్చేస్తాం అన్నారు. తీరా 1612 వచ్చాక లెక్కా లేదు డబ్బూ లేదు. మరి మధ్యలో కూతురి పెళ్ళో అప్పులవాడో వస్తే ఏం చెయ్యాలి? తన వాటాని, అంటే షేర్‌ని, ఇంకొకడికి అమ్ముకోవడమే దారి. అమ్మేవాడూ కొనేవాడూ కంపెనీ ఆఫీసుకి వెళ్తే గుమస్తా పుస్తకంలో ఈ పేరు కొట్టేసి ఆ పేరు రాసేవాడు, చేతులు మారే కాగితం ఏమీ లేదు. ఇవాళ మనం షేర్ మార్కెట్ అని చెప్పుకునేదానికి మొదలు అదే, పెద్ద ఆలోచనేం కాదు, డబ్బు ఇరుక్కుపోయినవాళ్ళు బయటపడడానికి వెతుక్కున్న దారి.

అందులో మోసాలు కూడా వెంటనే మొదలయ్యాయి. ఇజాక్ ల మేర్ అని కంపెనీ పెట్టినవాళ్ళలోనే ఒకడు, మిగతావాళ్ళతో చెడి 1605లో బయటికొచ్చేశాడు, 1609లో కొంతమందిని పోగేసి తమ దగ్గర లేని షేర్లు ముందు తేదీకి అమ్మడం, రేటు పడేలా చెడ్డ వార్తలు పుట్టించడం చేశాడు. రేటు పడ్డాక చవగ్గా కొని ఇచ్చేసి తేడా మిగుల్చుకోవచ్చని ఎత్తు, ఇవాళ షార్ట్ సెల్లింగ్ అంటామే అదన్నమాట. 1610లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది, జనం మాత్రం ఆపలేదు.

డివిడెండ్, అంటే షేర్లున్నవాళ్ళకి కంపెనీ పంచే లాభం, దాని సంగతి ఇంకా తమాషా. మొట్టమొదటిది 1610లో ఇచ్చారు, డబ్బు కాదు, జాపత్రి! పెట్టుబడిలో 75 శాతం విలువకి జాపత్రి తీసుకెళ్ళండి అన్నారు. ఇంట్లో జాపత్రి మూటలు పెట్టుకుని ఏం చేసుకుంటారు, అందరూ ఒకేసారి అమ్మబోతే కొనేవాడెవడు, చాలామంది మాకొద్దన్నారు. ఆ ఏడాదే తర్వాత మిరియాలు, కాస్త నగదు ఇచ్చారు.

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఆ జాపత్రి, లవంగం పండే దీవుల్లో (ఇప్పటి ఇండోనేషియా) జనానికి కావాల్సింది యూరప్ సరుకు కాదు, మన కోస్తా బట్ట. బట్ట లేకుండా అక్కడ వ్యాపారం నడవదని డచ్చివాళ్ళకి తొందరగానే అర్థమైంది. అందుకే 1605లో మచిలీపట్నం వచ్చారు, 1606లో గోల్కొండ సుల్తాను దగ్గర ఫర్మానా తీసుకుని నిజాంపట్నంలోనూ కోఠీ (వ్యాపార కేంద్రం) పెట్టారు, 1610లో పులికాట్. బందరులో వలందపాలెం ఉంది కదా, అది వాళ్ళ పేరు మీద వచ్చిందే, వలందులంటే డచ్చివాళ్ళే. నిజాంపట్నం ఎందుకంటే ఆ చుట్టుపక్కల దొరికే చిరివేరు మంచిదని పేరు, దానితో అద్దిన ఎరుపు ఎన్ని ఉతుకులకీ పోదు.

డచ్చివాళ్ళు నేతగాళ్ళ దగ్గరికి నేరుగా వెళ్ళి కొన్నారనుకోకండి, మధ్యలో మన పెద్ద వ్యాపారులే ఉన్నారు. పులికాట్ వైపు మలయ, చినన్న అని బలిజ అన్నదమ్ములు, వాళ్ళకి సొంత ఓడలున్నాయి, పన్నుల వసూళ్ళ కాంట్రాక్టులున్నాయి, రాజకీయాల్లో వేలుంది, కంపెనీకి బట్ట సప్లై చేసేవాళ్ళే. కంపెనీ వ్యాపారికి అడ్వాన్స్ ఇస్తే అతను నేతగాడికి ఇచ్చేవాడు, బట్ట ఆలస్యమైతే అప్పు నేతగాడి మీదే. ఆ తర్వాత ఇవే అద్దకం బట్టలు హాలండ్‌లో దొరలు ఇంట్లో వేసుకునే గౌన్లు కూడా అయ్యాయి.

చెప్పడానికి బాగోనిది ఒకటుంది, వదిలేస్తే మాత్రం తప్పు. జాపత్రి, జాజికాయ దొరికే బందా దీవుల్లో 1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్సన్ కూన్ సైన్యంతో దిగాడు, అక్కడి జనంలో ఎక్కువమంది చచ్చిపోయారు, లేదా పారిపోయారు, లేదా బానిసలయ్యారు. తోటల్లో పనికి మనుషులు కావాలి కాబట్టి బయటినుంచి బానిసల్ని తెచ్చారు, మన తీరం నుంచి కూడా. ఇక్కడ కరువొచ్చినప్పుడు తమని తాము అమ్ముకున్నవాళ్ళు, పిల్లల్ని అమ్ముకున్నవాళ్ళు వేలమంది పులికాట్ లాంటి రేవుల నుంచి బటావియా (ఇప్పటి జకార్తా) ఓడలెక్కారు. బట్ట మూటలు వెళ్ళే తోవలోనే మనుషులూ వెళ్ళారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1622లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో షేర్‌హోల్డర్లు కంపెనీ మీద కరపత్రాలు అచ్చేసి గొడవ చేశారు. లెక్కలు దాస్తున్నారు, డైరెక్టర్లు సొంత సరుకు కంపెనీకే అమ్ముకుంటున్నారు, డివిడెండ్ సరిగ్గా రావట్లేదు, ఇవీ వాళ్ళ కంప్లయింట్లు. కొంత పోరాడాక పెద్ద షేర్‌హోల్డర్లలో కొందరిని లెక్కలు చూడనిచ్చారు. 100 గిల్డర్ల వాళ్ళకి ఆ అవకాశం కూడా లేదు.