మంచు నదిలో ఏముంది?
(ఒడిశాలోని రాయగడలో తెలుగువారి సభలో ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్న కాలేజీ పిల్లలకు కూడా. మీలో చాలామంది ఒడియా మీడియంలో చదువుకున్నవాళ్లు. అందుకని పుస్తకాల తెలుగు మాటలతో మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. ఐరన్ అంటాను, ఇనుము అంటాను, నోటికి ఏదొస్తే అది.

"నీళ్ల గురించి ఏదైనా చెప్పండి మాస్టారూ" అని పిలిచారు. నాగావళి గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను అంటార్కిటికాలో పారే ఒక నది గురించి చెబుదామని వచ్చాను. అయినా ఈ ఊళ్లో నీళ్ల గురించి మాట్లాడుతూ నాగావళిని తప్పించుకోవడం ఎవరి తరం? మధ్యలో అదే వస్తుంది.

అంటార్కిటికాలో నది కూడానా అని మీకు అనుమానం రావచ్చు. ఉంది. దాని పేరు ఓనిక్స్. పొడవు సుమారు 32 కిలోమీటర్లు, అంతే. నాగావళి 256 కిలోమీటర్లు పారి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది కదా, ఆ లెక్కన ఇది మన గెడ్డల్లో ఒకటి. కానీ ఆ ఖండంలో ఇంతకంటే పొడవైన నది లేదు. రైట్ లోయ అనే చోట ఒక హిమానీనదం, అంటే మెల్లగా జారే పెద్ద మంచు గుట్ట, కరిగి ఇది పుడుతుంది. ఏడాదిలో సుమారు రెండు నెలలు పారుతుంది, అదీ ఎక్కువగా డిసెంబరు, జనవరిల్లో, వాళ్ల ఎండాకాలంలో. ఎండ హిమానీనదం మీద సూటిగా పడే వేళ ప్రవాహం పెరుగుతుంది, పక్కకు తప్పుకోగానే తగ్గుతుంది. ఇంకో చిత్రం ఏమిటంటే, ఈ నది సముద్రానికి వీపు చూపించి లోపలికి పారుతుంది. చివరికి వాండా అనే సరస్సులో చేరుతుంది. ఆ సరస్సు నుంచి బయటికి దారి లేదు. వచ్చిన నీరు ఆవిరవ్వాలి, తెచ్చిన సరుకు మాత్రం అక్కడే ఉండిపోవాలి.

ఆ సరుకు గురించే ఇవాళ నేను మాట్లాడేది. ఒడ్డున చెట్టు లేదు, పశువు లేదు, ఊరు లేదు, ఫ్యాక్టరీ లేదు. రాళ్ల మీద నల్లగా, నారింజ రంగులో చాపలాగా పరుచుకున్న నాచు ఒకటే కంటికి కనిపించే ప్రాణం. నది ఎండిపోయినప్పుడు అది పెళుసెక్కి ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. నీళ్లు తగిలితే మళ్లీ బతుకుతుంది. అలాంటి చోట పారే నీళ్లలో ఏముంటుంది? ఏమీ ఉండదు, స్వచ్ఛమైన నీళ్లు అనుకుంటాం. ఉంటుంది. ఇనుము, మాంగనీసు, రాగి, నికెల్, కోబాల్ట్, కాడ్మియం. అయితే కొంచెం.

ఆ కొంచెం ఎంతో ఒక లెక్క చెబుతాను. లీటరుకు ఒక మైక్రోగ్రాము అంటే పది లక్షల లీటర్లకు ఒక గ్రాము. మన వీధిలోకి వచ్చే పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు వంద నిలబెట్టి, వాటన్నిటిలో కలిపి ఒక్క గ్రాము వేసినట్టు. సూక్ష్మ మూలకాలంటే ఈ కొలతల్లో ఉండేవి. తాగునీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం సీసాన్ని లీటరుకు 10 మైక్రోగ్రాముల దగ్గర ఆపమంటుంది, కాడ్మియాన్ని 3 దగ్గర, పాదరసాన్ని ఒకటి దగ్గర. ధ్రువ ప్రాంతపు నదుల్లో కొన్ని లోహాలు ఈ హద్దులకు ఎంతో కింద ఉంటాయి. అక్కడ తాగడానికి పనికొస్తుందా అన్నది ప్రశ్నే కాదు. ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతోంది అన్నదే ప్రశ్న.

ఎక్కడి నుంచి అంటే, మన కొండల వైపు ఒకసారి చూడండి. ఇక్కడి రాయి ఖోండలైట్. ఇక్కడి కోందు గిరిజనుల పేరు మీదే 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. వేడీ వానా కోట్ల ఏళ్లు ఆ రాయిని నానబెట్టి, కడిగి, సిలికా, సోడియం, కాల్షియం లాంటివన్నీ పట్టుకుపోయాయి. మిగిలింది అల్యూమినియం, ఇనుము. నియమగిరి, బాఫ్లిమాలి కొండల నెత్తిన ఉన్న బాక్సైట్ అదే. ఎర్రమట్టిలో ఇనుముకు కొదవ లేదు, కానీ ఎప్పుడో తుప్పు పట్టి గట్టిపడిన ఇనుము అది. నీళ్లలో అంత తేలిగ్గా కరగదు.

ధ్రువాల దగ్గర వేడి లేదు, వాన లేదు. అందుకని అక్కడ రాయి మారదని చాలాకాలం అనుకున్నారు. ఆ లెక్క తప్పింది. వందల మీటర్ల మందం మంచు కిందనున్న బండని రుద్దుకుంటూ జారుతుంది. బండ పిండి అవుతుంది. ఆ పిండిలో ప్రతి రేణువుకూ అప్పుడే పగిలిన కొత్త ముఖం ఉంటుంది, దాన్ని ఇంతకుముందు ఏ నీరూ తాకలేదు. చలి ఎంతున్నా అలాంటి రాయి నీళ్లతో చురుగ్గానే కలుస్తుంది. పైగా చాలా రాళ్లలో పైరైట్ అని ఇనుము, గంధకం కలిసిన ఖనిజం కాస్తో కూస్తో ఉంటుంది. దానికి నీరు, ఆక్సిజన్ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం పక్క రాయిని కూడా కొరుకుతుంది. మంచు కింద, చీకట్లో, ఎవరూ చూడకుండా జరిగే పని ఇది.

అది బయటపడిన చోటు ఒకటుంది. అంటార్కిటికాలోనే టేలర్ హిమానీనదం చివర మంచు మీద ఎర్రటి మరక జారుతూ కనిపిస్తుంది. 1911లో గ్రిఫిత్ టేలర్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాన్ని చూశాడు. దాని పేరు బ్లడ్ ఫాల్స్. మంచు అడుగున చిక్కుకుపోయిన ఉప్పునీటిలో ఇనుము కరిగి ఉంటుంది. ఆ నీరు బయటికొచ్చి గాలి తగలగానే ఎర్రబడుతుంది. రక్తమూ లేదు, మహత్యమూ లేదు.

రాయి నుంచి వచ్చేది ఒక వంతు. గాలి తెచ్చి మంచు మీద వేసేది ఇంకో వంతు. ధూళి, సముద్రపు ఉప్పు, మన పొగ కూడా. మంచు కరగడం మొదలైనప్పుడు ఇవన్నీ సమానంగా దిగవు. మొదటి మూడో వంతు నీటితోనే సగానికి పైగా కొట్టుకుపోతాయి. కాబట్టి ఒకే నదిలో కరుగు మొదలైన వారంలో పట్టిన నీళ్లకూ, నెల తర్వాత పట్టిన నీళ్లకూ పొంతన ఉండదు. మృగశిర కార్తెలో నాగావళికి వచ్చే తొలి వరద నీళ్లు, కార్తీక మాసం నీళ్లు ఒకటేనా? అక్కడా అంతే.

ఇక ఎక్కడికి పోతుందంటే, ఓనిక్స్ సంగతి వేరు, దానికి సముద్రం లేదు. గ్రీన్‌లాండ్ నదులు మాత్రం సముద్రంలోకే పోతాయి. 2014లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం మంచు పలకల నీరు ఏటా లక్షల టన్నుల చురుకైన, అంటే తేలిగ్గా కరిగే, ఇనుమును మోసుకొస్తోంది. సముద్రంలో ఆకుపచ్చ ప్రాణులకు, అంటే కంటికి కనబడని ఫైటోప్లాంక్టన్‌కు, ఇనుము కావాలి. దక్షిణ మహాసముద్రంలో చాలా చోట్ల మిగతా ఎరువులన్నీ ఉండి ఇదొక్కటే లేక అవి పెరగవు. ఈ మాటను గట్టిగా చెప్పినవాడు జాన్ మార్టిన్ అనే సముద్ర శాస్త్రవేత్త. ఇనుము వేస్తే అవి పెరిగి గాలిలోని కార్బన్‌ను మింగుతాయి కదా అని చాలామందికి ఆశ పుట్టింది. 2009లో మన దేశం, జర్మనీ కలిసి లోహాఫెక్స్ పేరుతో ఆ సముద్రంలో సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము చల్లి చూశాయి. ప్లాంక్టన్ పెరిగింది. పెరిగినదాన్ని రొయ్యల్లాంటి చిన్న ప్రాణులు తినేశాయి. కార్బన్ అడుగుకు దిగింది తక్కువే. వాళ్లు చల్లిన చోట నీటిలో సిలికా తక్కువ, అందువల్ల సిలికాతో గుల్ల కట్టుకుని అడుగుకు దిగే రకం ప్లాంక్టన్ పెరగలేదు. సముద్రానికి ఎరువు వేసి వాతావరణాన్ని బాగుచేస్తామని ఎవరైనా అంటే నాకు అప్పటి నుంచి నమ్మకం కుదరదు.

ఇంకో చిక్కు. మంచి నీరు ఉప్పు నీటిలో కలిసే చోట ఇనుము ముద్దకట్టి చాలావరకు అడుగుకు దిగిపోతుంది. గ్రీన్‌లాండ్ తీరంలో జరిగేదీ కళ్లేపల్లిలో జరిగేదీ ఈ విషయంలో ఒకే కెమిస్ట్రీ. నది ఎంత తెచ్చిందన్నది ఒక లెక్క, సముద్రానికి ఎంత ముట్టిందన్నది ఇంకో లెక్క.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, కొలవడం. క్లెయిర్ ప్యాటర్సన్ అనే ఆయన 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఆ పనిలో రాళ్లలోని సీసం కొలుస్తుంటే అంకెలు ఎగిరిపడేవి. చివరికి తెలిసింది, సీసం ల్యాబులోనే ఉందని. గాలిలో, గాజులో, మనిషి ఒంటి మీద. పెట్రోల్లో సీసం కలిపే రోజులవి. ఆయన గదినంతా శుభ్రం చేసి, ఆ తర్వాత గ్రీన్‌లాండ్ మంచు తవ్వించాడు. క్రీస్తుకు పూర్వం 800 నాటి మంచుతో పోలిస్తే 1965 నాటి మంచులో సీసం 200 రెట్లు ఎక్కువని 1969లో చూపించాడు. మన దేశంలో సీసం పెట్రోలు ఆగింది 2000లో.

పాఠం అందరికీ వచ్చేసిందనుకుంటున్నారా? 2021లో నైరుతి గ్రీన్‌లాండ్ కరుగు నీటిలో పాదరసం విపరీతంగా ఉందని పెద్ద వార్త వచ్చింది. తర్వాత వేరేవాళ్లు కొలిస్తే గ్రీన్‌లాండ్ నీళ్లలో చాలా తక్కువ కనిపించింది, మొదటి అంకెల మీద అనుమానాలు వచ్చాయి. పాదరసం కొలతలు లీటరుకు నానోగ్రాముల్లో ఉంటాయి, ఒక నానోగ్రాము అంటే వంద కోట్ల లీటర్లకు గ్రాము. అక్కడ సీసా మూతే ఫలితాన్ని మార్చేస్తుంది.

అందుకే నీళ్లు పట్టడానికి ఇద్దరు వెళ్తారు. ఒకరు సంచి పైకవరు విప్పుతారు, లోపలి కవరు ముట్టుకోరు. రెండో మనిషి చేతులకు గ్లోవ్స్, ఉంగరం లేదు, వాచీ లేదు. ఆమ్లంతో రోజుల తరబడి నానబెట్టి కడిగిన ప్లాస్టిక్ సీసా తీసి, నీళ్లు వచ్చే దిక్కుకు తిరిగి, కాళ్లు కదిపిన బురద తగలకుండా ముంచుతారు. ఆ నదీజలంతోనే సీసాను మూడుసార్లు తొలిచి పారబోస్తారు. వడకట్టి, శుద్ధమైన నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేస్తారు. అది వేయకపోతే లోహాలు సీసా గోడకు అంటుకుపోతాయి.

ఇదంతా విన్నాక ఇక్కడి సంగతి. ఒక పల్లె నుంచి బోరింగు నీళ్ల రిపోర్టు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఇనుము బాగా ఎక్కువ. ఊరంతా టెన్షన్. ఎలా పట్టారని అడిగాను. చాలా రోజులు వాడని బోరింగు, కొట్టగానే వచ్చిన మొదటి నీళ్లు, కూల్‌డ్రింక్ సీసా. అది పైపు తుప్పు రిపోర్టు, భూమిలో నీళ్ల రిపోర్టు కాదు. తలకిందులుగానూ జరుగుతుంది. నీళ్లలో నిజంగా ఇనుము ఉండి, ఆమ్లం వేయకుండా నాలుగు రోజులు సీసాలో ఉంటే అదంతా అడుగున మడ్డిగా దిగుతుంది. పైన తేరిన నీళ్లు పరీక్షిస్తే అంతా బాగుందని కాగితం వస్తుంది. రెండోదే నాకు ఎక్కువ భయం.

కాలేజీ పిల్లలు నాగావళి నీళ్లు పరీక్షకు పంపుదామన్నారు. మంచిది. ఆదివారం పొద్దున్నే రండి. ఊరికి పైన ఒక చోట, కింద ఒక చోట నీళ్లు పట్టుకుందాం. కడిగిన సీసాలు నేను తెస్తాను. ఒక సీసాలో మాత్రం ల్యాబులో శుద్ధి చేసిన నీళ్లు పోసి, దాన్ని కూడా ఒడ్డుకు తీసుకెళ్లి, మూత తీసి, అన్నిటిలాగే ఆమ్లం వేసి, అన్నిటితో పాటే పంపుదాం. నది నీళ్లు ఒక్క చుక్క కూడా లేని సీసా అది. రిపోర్టు వచ్చాక ముందు దాని అంకె చదువుదాం. అందులో సున్నాకు దగ్గరగా వస్తేనే మిగతా సీసాల అంకెల జోలికి వెళ్దాం. రాకపోతే మళ్లీ నీళ్లు పట్టుకుందాం.