అర సెకను ఆలస్యం వెనక ఒక హాబీ ప్రాజెక్టు

హోస్ట్: నమస్కారం. ఈ వారం మనతో ఉన్నది నా పాత టీమ్ లీడ్. పగలంతా సర్వర్లు, సెక్యూరిటీ. రాత్రి ఇంటికొచ్చాక తెలుగు ఫాంట్ల పని. అన్నా, సెక్యూరిటీ గురించి ఎక్కడ మాట్లాడినా మీరు చివరికి ఎక్స్‌జెడ్ దగ్గరికే వస్తారు. ఎందుకని?

అతిథి: మన ఉద్యోగం, మన సెక్యూరిటీ, ఎవరిదో ఒక హాబీ, ఈ మూడూ ఒకేచోట ముడిపడ్డ సంఘటన అది. 2024లో ఎక్స్‌జెడ్‌లో ఒక బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, దాచిపెట్టారు. తెలియనివాళ్ల కోసం ముందు ఎక్స్‌జెడ్ అంటే ఏంటో చెప్తాను. ఎక్స్‌జెడ్ ఫైళ్లను కుదించే ప్రోగ్రామ్. దాని లోపలి లైబ్రరీ పేరు లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ. లినక్స్ ఉన్న దాదాపు ప్రతిచోటా ఇది ఏదో ఒక మూల పనిచేస్తూనే ఉంటుంది. అంత వాడకం ఉన్నదాన్ని ఏళ్ల తరబడి చూసుకున్నది ఫిన్లాండ్‌లో ఉండే లాసే కోలిన్ అనే ఒక్క మనిషి. దానికి ఆయనకు జీతమేమీ లేదు.

హోస్ట్: మరి ఆ బ్యాక్‌డోర్ పెట్టిన జియా టాన్ ఎక్కడ నుంచి వచ్చాడు?

అతిథి: వచ్చాడా, వచ్చిందా, వచ్చారా అన్నది కూడా తెలియదు. ఆ పేరు వెనక ఎవరున్నారో ఇప్పటికీ బయటపడలేదు. 2021 చివర్లో ఆ పేరుతో ఎక్స్‌జెడ్‌కి ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, రావడం మొదలైంది. చిన్నవి, పనికొచ్చేవి. 2022లో ఇంకో రెండు పేర్లు దిగాయి, జిగర్ కుమార్ అని, డెన్నిస్ ఎన్స్ అని. ప్యాచ్‌లు చూడటం లేదు, ప్రాజెక్టు ముందుకు కదలడం లేదు, కొత్త మెయింటైనర్‌ని, అంటే ప్రాజెక్టు చూసుకునే మనిషిని, పెట్టండి అని ఒకటే ఒత్తిడి. తర్వాత వెతికితే ఆ పేర్లకు ముందూ వెనకా ఏమీ దొరకలేదు.

హోస్ట్: కోలిన్ ఏమన్నారు?

అతిథి: 2022 జూన్‌లో చాలా మర్యాదగా జవాబిచ్చారు. తనకు చాలాకాలంగా మానసిక ఆరోగ్య సమస్యలున్నాయని, ఇది జీతం లేని హాబీ ప్రాజెక్టని గుర్తుపెట్టుకోమని రాశారు. దానికి వచ్చిన బదులు చదివితే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మీ ఆరోగ్యం సంగతికి బాధగానే ఉంది, కానీ మీ పరిమితులు మీరు తెలుసుకోవాలి అన్నట్టుగా ఉంటుంది. ఆ ఒత్తిడి మధ్య సాయం చేస్తానంటూ పక్కన నిలబడింది ఒక్క జియా టానే. మెల్లగా కోడ్ మార్చే హక్కులు, తర్వాత రిలీజ్ చేసే హక్కులు ఆ చేతికి వెళ్లాయి. దాడి జరిగింది అక్కడ, తమ్ముడూ. కోడ్‌లో చొరబడింది ఆ తర్వాతే.

హోస్ట్: మీరు మీ ఫాంట్ కన్వర్టర్ గురించి చెప్పినప్పుడు కూడా ఇలాంటి ఒత్తిడి మాటే అన్నారు.

అతిథి: అవును. అను ఫాంట్లలో ఉన్న పాత డీటీపీ ఫైళ్లను ఏ యంత్రంలోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే స్క్రిప్ట్ ఒకటి నేను రాసి పెట్టాను. ఒత్తులు, క్రారవడి తారుమారవుతాయి, వాటిని సరిచేయడమే అసలు పని. చిన్న ప్రెస్‌లవాళ్లు, పాత పుస్తకాలు నెట్‌లోకి ఎక్కించేవాళ్లు వాడతారు. మెయిళ్లు వస్తుంటాయి. ఎక్కువ భాగం మంచివే. కొన్ని మాత్రం కంపెనీకి డబ్బు కట్టిన కస్టమర్ రాసినట్టు ఉంటాయి, ఎప్పటికల్లా సరిచేస్తారు, ఇన్ని రోజులా అని. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని పడుకోబెట్టి, అప్పుడు అలాంటి మెయిల్ తెరిస్తే, ఎవరైనా మంచివాడు నేను చూసుకుంటాను సార్ అంటే ఇచ్చేయాలనిపిస్తుంది. నా స్క్రిప్ట్ వల్ల ఎవరి సర్వరూ పోదు. కానీ కోలిన్ పరిస్థితి నాకు బాగా అర్థమవుతుంది.

హోస్ట్: ఇక కోడ్ సంగతికొద్దాం. బ్యాక్‌డోర్ ఎలా పెట్టారు?

అతిథి: 2024 ఫిబ్రవరిలో ఎక్స్‌జెడ్ 5.6.0 వెర్షన్ వచ్చింది, మార్చిలో 5.6.1. హానికరమైన భాగాన్ని పరీక్షల కోసం ఉంచే ఫైళ్లలో దాచారు. కుదింపు ప్రోగ్రామ్‌కి పాడైన ఫైళ్లు, వింత ఫైళ్లు టెస్ట్ కోసం ఉండటం మామూలే కాబట్టి ఎవరూ అనుమానించరు. దాన్ని బయటికి తీసే స్క్రిప్ట్ అందరూ కోడ్ చూసే గిట్‌లో లేదు, విడుదల చేసిన టార్‌బాల్ అనే ఫైళ్ల కట్టలో మాత్రమే ఉంది. అంటే గిట్‌లో కోడ్ చదివినవాడికి పూర్తి బొమ్మ కనిపించదు.

హోస్ట్: కుదింపు లైబ్రరీకీ, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కీ సంబంధం ఏంటన్నా? ఇది నాకెప్పుడూ అయోమయమే.

అతిథి: ఆ లాగిన్ నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌కి నేరుగా ఏ సంబంధమూ లేదు. డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ రకాలు తమ ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కి, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీతో మాట్లాడటానికి ఒక ప్యాచ్ వేసుకున్నాయి. దాంతో లిబ్‌సిస్టమ్‌డీ వచ్చింది, దాని వెంట లిబ్‌ఎల్‌జెడ్‌ఎంఏ వచ్చింది. పెళ్లికి ఒకరిని పిలిస్తే వాళ్ల చుట్టాలూ వచ్చినట్టు. అలా లోపలికి వచ్చాక, లాగిన్ సమయంలో ఆర్‌ఎస్‌ఏ తాళాన్ని సరిచూసే ఫంక్షన్‌ని ఇది తనవైపు తిప్పుకుంటుంది. దాడి చేసేవాళ్ల దగ్గర ఉన్న ప్రైవేట్ కీతో వస్తే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే ఆ యంత్రం మీద ఏ కమాండైనా నడపొచ్చు. వేరే ఎవరికీ ఆ తలుపు తెరుచుకోదు. దీనికి లోపాల తీవ్రత కొలిచే సీవీఎస్‌ఎస్‌లో 10కి 10 ఇచ్చారు.

ఇంకో చిన్న విషయం చెప్పాలి. ల్యాండ్‌లాక్ అని, ప్రోగ్రామ్‌ని కట్టడిలో ఉంచే రక్షణ ఒకటుంది. అది అందుబాటులో ఉందో లేదో చూసే పరీక్షలో ఒక్క చుక్క, ఫుల్‌స్టాప్, అదనంగా పెట్టారు. దాంతో సీమేక్ అనే పద్ధతిలో బిల్డ్ చేస్తే ఆ పరీక్ష ఎప్పుడూ ఫెయిలవుతుంది, రక్షణ ఆన్ అవదు. కోడ్ రివ్యూ చేసే ప్రతి కుర్రాడికీ నేను ఆ చుక్క చూపిస్తాను.

హోస్ట్: పట్టుకున్నది మాత్రం సెక్యూరిటీ టీమ్ కాదు.

అతిథి: కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్, మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తారు. డేటాబేస్ వేగం కొలుస్తున్నారు. కొలతలు సరిగ్గా రావాలంటే యంత్రం మీద వేరే పని ఏదీ నడవకూడదు. చూస్తే ఎస్‌ఎస్‌హెచ్ ప్రాసెస్‌లు సీపీయూ తింటున్నాయి. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న ఏ యంత్రం తలుపైనా బాట్‌లు, అంటే ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లు, రోజంతా తడుతూనే ఉంటాయి. తప్పు యూజర్‌నేమ్ ఇస్తే వెంటనే వెనక్కి పంపేయాలి కదా, దానికెందుకు ఇంత సీపీయూ? లాగిన్‌కి పట్టే సమయం 0.3 సెకను దగ్గర ఉండాల్సింది 0.8 అయింది. కొన్ని వారాల ముందు మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్‌లో వచ్చిన ఒక వింత ఫిర్యాదు కూడా ఆయనకు గుర్తొచ్చింది. తీగ లాగుతూ పోతే ఎక్స్‌జెడ్ దగ్గర తేలింది. 2024 మార్చి 29, గుడ్ ఫ్రైడే రోజు అందరికీ తెలిసేలా రాశారు.

హోస్ట్: అప్పటికి ఎంత దూరం వెళ్లింది?

అతిథి: డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరా పరీక్షా వెర్షన్లు, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్, కాలీ. స్థిరమైన వెర్షన్లలోకి ఇంకా రాలేదు. ఉబుంటు 24.04 బీటాని వారం వాయిదా వేసి, ఆ కోడ్ వచ్చాక బిల్డ్ చేసిన ప్యాకేజీలన్నీ మళ్లీ బిల్డ్ చేశారు. పట్టుబడకపోయి ఉంటే మన ఆఫీసుల్లో చాలా సర్వర్లలోకి వచ్చే ప్రమాదం ఉండేది. ఈ మాట అతిశయోక్తి కాదు.

హోస్ట్: వినేవాళ్లలో చాలామంది సపోర్ట్, డెవాప్స్‌లో ఉన్నారు. సోమవారం ఆఫీసుకి వెళ్లి ఏం చేయాలి?

అతిథి: ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ ఇంటర్నెట్‌కి నేరుగా తెరిచి ఉంటే మూసేయండి, వీపీఎన్ వెనక పెట్టండి. ఇలాంటి బ్యాక్‌డోర్ ఉన్నా బయటివాడు దాని దాకా రాలేడు. ఏ సర్వర్‌లో ఏ లైబ్రరీ ఏ వెర్షన్ ఉందో పది నిమిషాల్లో చెప్పగలిగేలా జాబితా ఉంచుకోండి. ఆ శుక్రవారం చాలా టీమ్‌ల టెన్షన్ అంతా దాని గురించే. అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఇంకొకటి. ఏదైనా మామూలు కంటే నెమ్మదిగా ఉందని జూనియర్ చెప్తే, రీస్టార్ట్ చేసేయ్ అనకండి. ఒక పూట ఇవ్వండి. ఎందుకో తెలుసుకోనివ్వండి. మన టికెట్ల పద్ధతిలో అలాంటి పూటకి చోటు లేదు. మేనేజర్లు ఆ చోటు చేయాలి.

హోస్ట్: డబ్బు సాయం సంగతి?

అతిథి: కంపెనీలు ఇవ్వాలి, తప్పకుండా. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డాక కొంత కదలిక వచ్చింది. కానీ కోలిన్‌కి అప్పుడు కావాల్సింది డబ్బు ఒక్కటే అని నేను అనుకోను. నమ్మదగిన ఇంకో జత కళ్లు కావాలి. మన తెలుగు సంగతే చూడు. పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైప్ చేసే లేఖిని కూడా అలా ఇష్టంతో వచ్చిందే. కీబోర్డ్ తెలియని వేలమంది దానితోనే నెట్‌లో మొదటి తెలుగు వాక్యం రాశారు. వాళ్లలో ఎంతమంది ఒక్క థాంక్స్ మెయిల్ రాశారు? నాకు ఆ విషయంలో నిజంగా బాధ ఉంది.

హోస్ట్: కోడింగ్ అంతగా రాని స్టూడెంట్ ఏం చేయగలడు?

అతిథి: చాలా చేయొచ్చు. వచ్చిన బగ్ రిపోర్ట్‌ని తన యంత్రంలో మళ్లీ చేసి చూసి, అవును వస్తోంది, ఈ వెర్షన్‌లో వస్తోంది అని రాస్తే మెయింటైనర్‌కి ఒక సాయంత్రం మిగులుతుంది. కోపంగా మాట్లాడేవాళ్లకు మర్యాదగా జవాబు చెప్పడం కూడా పనే. 2022లో ఆ మెయిళ్ల మధ్య ఇంకెవరైనా కలగజేసుకుని, ఆయన్ని వదిలేయండి, మేమున్నాం అని ఉంటే బాగుండేది.

హోస్ట్: కోలిన్ ఇప్పుడు?

అతిథి: ఆయనే తిరిగి పగ్గాలు పట్టుకున్నారు. మార్పులన్నీ ఒక్కొక్కటే పరిశీలించి, బ్యాక్‌డోర్ తీసేసి 2024 మే చివర్లో 5.6.2 విడుదల చేశారు.

హోస్ట్: అన్నా, చాలా థాంక్స్. అను ఫైళ్ల కన్వర్టర్‌లో క్రారవడి సమస్య ఇంకా ఉందని ఇద్దరు శ్రోతలు రాశారు, ఫైళ్లు కూడా పంపారు. రికార్డింగ్ అయ్యాక మీకు ఇస్తాను. వచ్చే వారం ఇంటి సర్వర్ బ్యాకప్‌ల గురించి మాట్లాడుకుందాం.

అతిథి: ఫైళ్లు పంపారా! అవే కావాలి నాకు. ఇప్పుడే ఇవ్వు.