సీటు బోర్లా తిప్పి చూడండి

అందరికీ నమస్కారం. పికప్ ఓనర్లు, డ్రైవరన్నలు, మెకానిక్ తమ్ముళ్లు ఈ ఎండలో కూడా ఇంతమంది వచ్చారు, సంతోషం. సెకండ్ హ్యాండ్ లెదర్ సీటు కొనేటప్పుడు ఏమేం చూడాలో ఈ రోజు చెబుతాను.

వీ-క్రాస్, హైలక్స్ లాంటి పికప్ బండ్లు ఇప్పుడు మన నెల్లూరు జిల్లాలో రొయ్యల చెరువు గట్ల మీద కూడా తిరుగుతున్నాయి. ఉప్పునీళ్లు కారే బట్టలతోనే ఎక్కుతాం, దిగుతాం. పైగా రోహిణి ఎండకు రోళ్లే పగులుతాయంటారు, అద్దాలు బిగించి నిలిపిన బండిలో లెదర్ ఒక లెక్కా? సీటు చిరిగాక కంపెనీ ధర కనుక్కుంటే గుండె గుభేలుమంటుంది. అప్పుడు సెకండ్ హ్యాండ్ సీట్ల కోసం మద్రాసు పుదుపేటకో, విజయవాడ ఆటోనగర్‌కో బయల్దేరతాం.

షాపులోకి వెళ్లగానే మన చెయ్యి లెదర్ మీదకే పోతుంది. మెత్తగా ఉందా, మెరుస్తోందా అని చూస్తాం. పాలిష్ కొడితే ఏదైనా మెరుస్తుంది. లెదర్ చిరిగితే సీటు మేస్త్రీ మళ్లీ కుడతాడు. ఫ్రేము వంగితే, వైర్లు మొదలుకంటా కోసేస్తే అతనేం చేస్తాడు? అందుకే ముందు సీటును బోర్లా తిప్పమనండి.

సీటు ముందుకూ వెనక్కూ జరగడానికి కింద ఉండే రెండు పట్టాలూ ఒకేసారి జరగాలి, ఒకే చోట లాక్ పడాలి. ఒకటి ముందు, ఒకటి వెనక పడితే అది గుద్దిన బండి సీటు కావచ్చు. వెల్డింగ్ మీద కొత్త పెయింట్ కనబడినా వదిలేయండి. నాలుగు బోల్టుల మధ్య దూరం ఇంటి దగ్గరే కొలుచుకుని వెళ్లండి, మోడల్ పేరు ఒకటే అయినా సంవత్సరం మారితే బిగింపు మారొచ్చు.

నీళ్లలో మునిగిన బండి సీటుతో ఇంకా జాగ్రత్త. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను మన బాపట్ల దగ్గర తీరం దాటకముందే చెన్నైలో ఎన్ని కార్లు మునిగాయో టీవీల్లో చూశాం. పైన లెదర్ తుడిస్తే ఆరిపోతుంది. లోపలి స్పాంజి అంత తేలిగ్గా ఆరదు. పట్టాల గ్రీజులో ఒండ్రు, స్ప్రింగులకు తుప్పు, ముక్కు దగ్గర పెడితే ముక్కిన వాసన. అత్తరు కొట్టిన సీటంటే నాకు మరీ అనుమానం.

సీటు కింద పసుపు రంగు వైరు సాకెట్ కనబడితే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌ది. బ్యాటరీ నెగటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగాకే దాన్ని ముట్టుకోవాలి. పక్క కుట్టు విప్పి మళ్లీ కుట్టినట్టుంటే లోపల బ్యాగ్ పేలి ఉండొచ్చు. మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతుంటే "రెసిస్టర్ పెట్టి ఆర్పేస్తా అన్నా" అనేవాళ్లుంటారు. ఒప్పుకోవద్దు. ఆ చిన్న ముక్క బ్యాగ్ ఉన్నట్టు బండిని నమ్మిస్తుంది, అంతే. లైటు ఆరుతుంది కానీ గుద్దుకున్నప్పుడు బ్యాగ్ తెరుచుకోదు.

గల్ఫ్ నుంచి వచ్చిన సీటైతే స్టీరింగ్ ఎడమ వైపుండే బండిది. డ్రైవర్ సీటు మీటలు, బెల్టు బకిల్ మనకు కుడి ఎడమలు తారుమారవుతాయి. థాయ్‌లాండ్‌ది అయితే ఆ పేచీ లేదు, వాళ్లదీ మనలాగే కుడి వైపు స్టీరింగ్.

ఇవన్నీ అయ్యాకే లెదరా, రెక్సినా అని చూడండి. వెనక జిప్పు తీసి లోపలి వైపు వేలితో రుద్దండి. నూలు బట్ట తగిలితే రెక్సిన్, పీచులా తగిలితే లెదర్. కంపెనీ సీట్లలో కూడా మనం ఆనుకునే చోటే లెదర్, పక్కలకు రెక్సిన్ ఉండటం మామూలే. దానికి షాపువాడితో గొడవపడకండి.

బిల్లు మీద ఏ బండి నుంచి తీశారో ఛాసిస్ నంబరు రాయించుకోండి. రాయనంటే బేరం ఆపేయండి.

ఈ బల్ల వెనక రెండు సీట్లు బోర్లా పెట్టించాను, ఒకటి మంచిది, ఒకటి మునిగింది. టీ తాగేలోపు ఏది ఏదో మీరే చెప్పండి.