గొంతులో తెగని కళ్లె: గీకకండి, నానబెట్టండి

[తెర మీద: స్టీలు గిన్నె, అడుగున బెల్లం పాకం]

నమస్కారమండి. గొంతులో కళ్లె అడ్డుపడినట్టుంటుంది. కాండ్రిస్తే రాదు, మింగితే దిగదు. నెలల తరబడి ఇలా ఉందంటే మన శ్రీకాకుళం, విజయనగరంలో ఎవరైనా చెప్పే మొదటి మాట "పాలు, పెరుగు మానీ". ఇది వింటే ఒళ్లు మండుతుంది. పాలు కళ్లెని పుట్టించవు. లాలాజలంతో కలిసి కాసేపు గొంతుకి పూత పూసినట్టుంటాయి, అంతే. రెండు గుటకలు నీళ్లు తాగితే పోతుంది.

ఇదిగో ఈ గిన్నె చూడండి. అరిసెలకి పాకం పట్టేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. లేత పాకం గరిటె మీంచి జారిపోతుంది. అదే పొయ్యి మీద ఇంకాసేపు ఉంటే గరిటెని పట్టుకుని వదలదు. బెల్లం పెరగలేదు కదా, నీరు తగ్గింది. మన ముక్కు, సైనస్‌లు రోజుకి దాదాపు లీటరు జిగురు తయారుచేస్తాయి. కంటికి కనపడని సన్నటి నూగు దాన్ని నిమిషానికి అయిదారు మిల్లీమీటర్ల చొప్పున వెనక్కి తోస్తుంది, మనకి తెలీకుండానే మింగేస్తాం. అది లేత పాకంలా ఉన్నన్నాళ్లూ గొడవలేదు. ముదిరాక "కఫం పెరిగిపోయింది" అంటాం. చాలాసార్లు పెరిగింది కాదు, ముదిరింది.

[గిన్నెని చెంచాతో గీకడం, దగ్గరగా]

పాకం అడుగంటితే ఇలా గీకుతారా? గిన్నె పాడవుతుంది. నీళ్లు పోసి వదిలేస్తారు. గొంతు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఖ్హ్, ఖ్హ్" అని రోజంతా గీకుడే! కాండ్రించినప్పుడల్లా స్వరతంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకుంటాయి. అక్కడ వాస్తుంది. ఆ వాపే మళ్లీ ఏదో అడ్డున్నట్టు అనిపిస్తుంది, ఒరుసుకున్న చోట కొత్త జిగురూ ఊరుతుంది. అందుకని కాండ్రించాలనిపించగానే ఒక గుటక నీళ్లు తాగి, గడ్డం కిందికి వంచి గట్టిగా మింగండి. నీళ్లు లేకపోతే శబ్దం రాకుండా "హా" అని గాలి వదిలి మింగండి. రెండు మూడు వారాలు పట్టుదలగా చెయ్యాలి, మొదటి నాలుగు రోజులు చిరాకే.

ఇక పాకం ఎక్కడ ముదురుతోందో చూడాలి. ముక్కా, పొట్టా?

పొద్దున్నే తుమ్ములు, ముక్కు దురద, పడుకుంటే వెనక నుంచి కారుతున్నట్టుంటే ముక్కే అనుకోండి. నూర్పిళ్ల దుమ్ము, పలాస వైపు జీడిగింజలు వేయించే పొగ, జూట్ మిల్లు నార ధూళి దీన్ని పెంచుతాయి. దీనికి ఉప్పునీళ్లతో ముక్కు కడగాలి. పావు లీటరు నీళ్లని తెర్లబెట్టి, ఒక నిమిషం మరగనిచ్చి, గోరువెచ్చన అయ్యేదాకా చల్లార్చండి. అయోడిన్ లేని ఉప్పు అర టీస్పూనుకి కాస్త తక్కువ, చిటికెడు వంటసోడా వెయ్యండి. సింకు మీదికి వంగి, తల పక్కకి వంచి, నోటితో ఊపిరి తీస్తూ పై ముక్కులో పోస్తే కింది ముక్కులోంచి వస్తుంది. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు కాచకుండా పొయ్యొద్దు. అరుదే గానీ మెదడుకి పాకే అమీబా ప్రాణం తీస్తుంది. మంటపుడితే ఉప్పు తేడా పడిందన్నమాట, సరిచూసుకోండి.

జలుబు మాత్రలు చాలావాటిలో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ నీటిని లాగేస్తుంది, అంటే పాకం కింద మంట పెంచడమే. ముక్కు దిబ్బడ చుక్కల మందు అయిదు రోజులు దాటితే అదే దిబ్బడ తెస్తుంది.

"ఏటండీ, గుండెల్లో మంట నేదు కదా, పొట్టెలాగౌద్ది?" అంటారు. అదే చిక్కు. పొట్టలోని యాసిడ్, పెప్సిన్ అనే జీర్ణరసం పైకి ఎగదన్ని గొంతుని కాల్చినా చాలామందికి ఛాతీలో మంట తెలీదు. పొద్దున్నే గొంతు బొంగురు, తిన్నాక కళ్లె ఎక్కువవడం దీని గుర్తులు. రాత్రి పదిన్నరకి పునుగులు తిని పదకొండుకి పడుకుంటే ఏ మందూ చెయ్యదు! భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలుండాలి. మంచం తలవైపు కోళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి. దిండ్లు పేర్చొద్దు, నడుం మడతపడి పొట్ట ఇంకా నొక్కుకుంటుంది.

టైమైపోతోంది, గబగబా చెప్పేస్తాను. చుట్ట, అడ్డపొగ (నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) మానకుండా మిగతావన్నీ దండగ. బీపీ మాత్ర పేరు చివర "ప్రిల్" ఉంటే గొంతు దురద, పొడిదగ్గు దానివల్లే కావచ్చు. సొంతంగా ఆపకండి, డాక్టర్ని అడిగి మార్పించుకోండి. కళ్లె పచ్చగా ఉన్నంతమాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు, ఆ రంగు తెల్లకణాల ఎంజైముది.

రక్తం పడినా, మింగుడు పడకపోయినా, మెడలో గడ్డ తగిలినా, బరువు తగ్గినా, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా ఈఎన్టీ దగ్గరికి వెళ్లిపోండి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ ఉందేమో చూసే కళ్లె పరీక్ష పీహెచ్‌సీలో ఉచితం. పొద్దున్న లేచి నోరు నీళ్లతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి ఛాతీలోంచి దగ్గి తీసిన కళ్లెనే డబ్బాలో వెయ్యండి. ఉమ్మి పనికిరాదు.