జబ్బు లేదన్న చోటే చావులెక్కువ

అందరికీ నమస్కారం.

జాతీయ నమూనా సర్వే వాళ్లు ఇంటింటికీ వెళ్లి అడిగే ప్రశ్న ఒకటుంది: గత 15 రోజుల్లో మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా? 2014లో కేరళలో వెయ్యికి సుమారు 300 మందికి బాగోలేదని జవాబొచ్చింది. బీహార్‌లో అరవైకి అటూ ఇటూ. ఇదొక్కటే చూస్తే బీహార్ నిక్షేపంలా ఉందనుకోవాలి. కానీ ఆ ఏడాదే, పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఏడాది నిండకుండా పోయినవాళ్లు కేరళలో 12 మంది, బీహార్‌లో 42 మంది.

కేరళవాళ్లు ఊరికే చెబుతున్నారని కాదు. అక్కడ ఎక్కువకాలం బతుకుతున్నారు, కాబట్టి షుగరూ బీపీ ఉన్న పెద్దవాళ్లు ఎక్కువ. కొలిచే ఆసుపత్రి దగ్గర్లో ఉంది. కొలవకపోతే బీపీ ఉన్నట్టు మనిషికే తెలియదు, ఇక సర్వేకి ఏం చెబుతాడు?

రెండోవైపు చూడండి. పసిబిడ్డకి విరేచనాలవుతుంటాయి. "పళ్లొస్తున్నాయి కదా, మామూలే" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. సర్వే మనిషి వచ్చి అడిగితే ఆ తల్లి జబ్బేమీ లేదనే చెబుతుంది. అబద్ధం కాదు, ఆమె నమ్మకమే అది. ఒంట్లో నీరంతా పోయి ఆ బిడ్డ చనిపోతే మాత్రం మరణాల లెక్కలోకి ఎక్కుతుంది.

ఈ తిరకాసు మీద అమర్త్యసేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆయన ప్రస్తావించే 1944 నాటి సర్వే ఒకటి నన్ను నిలవనివ్వదు. బెంగాల్ కరువు మరుసటేడు కలకత్తా దగ్గర చేసింది. భార్య పోయిన మగవాళ్లలో 48.5 శాతం ఆరోగ్యం బాగోలేదనో, అంతంతమాత్రమనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్లలో ఆ మాట అన్నది 2.5 శాతమే. తిండికీ వైద్యానికీ ఎక్కువ నోచుకోనిది వాళ్లే!

అలాగని మనిషి మాటను కొట్టిపారేయకూడదు. ఒకే ప్రాంతంలో, ఒకేలాంటి మనుషుల మధ్య పోల్చితే, "నా ఆరోగ్యం బాగోలేదు" అన్నవాళ్లకే తర్వాతి ఏళ్లలో మరణించే ముప్పు ఎక్కువని చాలా దేశాల అధ్యయనాలు చూపించాయి. ఒక రాష్ట్రం మాటను ఇంకో రాష్ట్రం మాటతో పోల్చినప్పుడే తేడా కొడుతుంది.

కాబట్టి ఫిర్యాదులు లెక్కబెట్టి డాక్టర్లను, నిధులను పంచొద్దు. అలా పంచితే నోరెత్తని చోటు మళ్లీ నష్టపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చేస్తున్నట్టు రక్తం పరీక్షించాలి, బీపీ చూడాలి, పిల్లల బరువు తూచాలి. ముందు మరణాల పట్టిక తీయండి. చావులెక్కువై, జబ్బులు తక్కువగా చెబుతున్న జిల్లాలకు మొదటి విడతలోనే నర్సులను పంపండి.