ఎపిసోడ్ 47: మాత్రలో మందు కాక ఇంకేముంటుంది?

కిరణ్: నమస్కారం. ఈసారి విషయం మాత్ర. మూలికా సారాన్ని మాత్రగా మార్చడం ఎందుకంత తలనొప్పి, అందులో మందు కాక ఇంకేం కలుపుతాం అన్నది. నేను చేసిన మాత్ర ఒకటి ఇక్కడ బీకరులో వేశాను. 37 డిగ్రీల నీళ్ళు. ఎపిసోడ్ అయ్యేలోపు విడిపోవాలి. సుధక్కా, ఈ రోజు నాది. మీరు వోచర్ నంబరు, అదే, ఏ మొక్క వాడామో రుజువుగా దాచిన ఎండు నమూనాకిచ్చే నంబరు, ఆ మాట ఎత్తకూడదు.

సుధ: ఎత్తను.

కిరణ్: సమయం రాసుకుంటున్నాను.

సుధ: పోయినసారి పదకొండు నిమిషాలు ఆగాను.

కిరణ్: తొమ్మిది. సరే, మొదలుపెడదాం. ఆకు సారాన్ని ఎండబెడితే వచ్చే పొడి మహా మొండిది. గాలిలో తేమ ఎక్కడున్నా పీల్చుకుంటుంది. పొద్దున సీసాలో గలగలలాడిన పొడి సాయంత్రానికి గడ్డ. అందుకే స్ప్రే డ్రయర్‌లో ఆరబెట్టేటప్పుడే మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు పొడి కలుపుతాం. పొడి సాఫీగా జారడానికి కాస్త సిలికా. యంత్రానికి అంటుకోకుండా చివర్లో మెగ్నీషియం స్టియరేట్. ఈ చివరిదాన్ని ఎక్కువసేపు కలిపితే రేణువుల మీద నీరు అంటని పొర పరుచుకుని, మాత్ర విడిపోనని మొరాయిస్తుంది. అయితే వీటన్నిటికంటే ముందు ఆకుపొడిని సాక్స్‌లెట్‌లో, అదే, వేడి ద్రావకంతో సారం తీసే గాజు పరికరంలో, ఎనిమిది గంటలు...

సుధ: అక్కడ ఆగు.

కిరణ్: నాకు తెలుసు. నాకు తెలుసు ఇక్కడే ఆపుతారని.

సుధ: ఏ మొక్కైనా ఎనిమిది గంటల సాక్స్‌లెట్టేనా?

కిరణ్: సాక్స్‌లెట్ చేసిన పాపమేమిటి? కాస్తంత ఇథనాల్‌తో పని అయిపోతుంది. ఆవిరి పైకి వెళ్ళి చల్లబడి, తాజా ఇథనాల్‌గా పొడి మీద పడుతుంది. గొట్టం నిండగానే గుటుక్కున కిందికి దిగిపోతుంది. మళ్ళీ మొదలు. ఆ గుటుక్కు చప్పుడు నాకు జోలపాట.

సుధ: పొడికి ఏమీ కాదు, ఒప్పుకుంటాను. దాంట్లోంచి దిగినది ఎక్కడుంటుంది? కింద ఫ్లాస్కులో. ఆ ఫ్లాస్కు ఎనిమిది గంటలూ మరుగుతూనే ఉంటుంది. మొదటి గంటలో దిగిన పదార్థం మిగతా ఏడు గంటలూ 78 డిగ్రీల మీద ఉడుకుతుంది. పైన సుకుమారం, కింద కుంభీపాకం.

కిరణ్: అన్ని పదార్థాలూ వేడికి చచ్చిపోవు.

సుధ: కొన్ని చస్తాయి. మలేరియా మందు ఆర్టెమిసినిన్ చూడు. చైనా శాస్త్రవేత్త టు యూయూ బృందం మొక్కల సారాలు వరసగా పరీక్షించింది. చింగ్‌హావ్ అని చైనాలో పిలిచే మొక్క ఒకసారి పనిచేసినట్టు కనిపిస్తుంది, మళ్ళీ చేస్తే ఏమీ ఉండదు. చివరికి 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన చిట్కా దగ్గర ఆగిందామె. గుప్పెడు మొక్కను నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగమన్నాడు. మరిగించమనలేదు. అప్పుడు ఈథర్ అనే ద్రావకం పట్టుకుంది. అది 35 డిగ్రీలకే మరుగుతుంది. అలా తీసిన సారంలోంచి ఆమ్లభాగాన్ని తొలగించి, తటస్థ భాగాన్ని ఉంచారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియా పరాన్నజీవిని నూటికి నూరు పాళ్ళూ అణచింది. ఆర్టెమిసినిన్ అణువులో ఉన్న పెరాక్సైడ్ వంతెనే, అంటే రెండు ఆక్సిజన్ల జోడే, దాని ప్రాణం, అతివేడికి అదే తెగుతుంది.

కిరణ్: ఒక్క మెతుకు పట్టి చూసి అన్నమంతా ఉడికిందంటారు మీరు. అన్ని మెతుకులూ ఒకే కుండలోవి కావు కదా.

సుధ: ఆ మాటే నేనూ అంటున్నాను. ఏ కుండో చూడకుండా అన్నిటికీ ఎనిమిది గంటలంటున్నది నువ్వు.

కిరణ్: అయితే మీ నానబెట్టడం సంగతి చూద్దాం. చల్లటి నీళ్ళలో ఆకు మూడు రోజులు నానుతుంది. ఆ మూడు రోజులూ ఆకులోని ఎంజైములు నిద్రపోతాయా? గ్లైకోసైడ్ అంటే చక్కెర అతుక్కున్న పదార్థం, దానికున్న ఆ చక్కెర ముక్కను కత్తిరించి పారేస్తాయి. నాలుగో రోజు మూత తీస్తే బూజు. మీరు ఆకులో ఉన్నది తీశాననుకుంటారు, ఎంజైములు వండిపెట్టింది తీసి ఉంటారు.

సుధ: ... అది నిజమే.

కిరణ్: ఏమన్నారు? మళ్ళీ అనండి.

సుధ: నిజమే అన్నాను. అందుకే నేను 70 శాతం ఇథనాల్‌లో నానబెడతాను, నీళ్ళలో కాదు. అందులో బూజు పెరగదు, చాలా ఎంజైములు పడుకుంటాయి. కానీ కిరణ్, సారం తీసే సాల్వెంటు, వేడి, గంటలు, ఇవన్నీ రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న...

కిరణ్: వద్దు.

సుధ: ...ఆ గిన్నెలో ఉన్నది ఏ మొక్క?

కిరణ్: వోచర్ అనలేదు కాబట్టి సాంకేతికంగా నియమం తప్పలేదు. అయినా రాసుకుంటున్నాను.

సుధ: టు యూయూకూ ఇదే చిక్కు. చింగ్‌హావ్ అన్న పేరు కింద ఒకటికి మించి మొక్కలు చలామణీ అయ్యేవి. ఆర్టెమిసినిన్ దొరికింది ఆర్టెమిసియా ఆన్యువాలో. పక్క జాతిని పట్టుకుని ఎంత చల్లని ఈథర్ పోస్తే ఏం లాభం? బెల్జియంలో ఏం జరిగింది? 1990ల మొదట్లో సన్నబడటానికి ఇచ్చిన గుళికలు. వేయాల్సింది స్టెఫానియా టెట్రాండ్రా, పడింది అరిస్టొలోకియా ఫాంగ్‌చి. చైనా పేరులో రెండూ ఫాంగ్‌జీలే. ఆ రెండోదాంట్లోని అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను తినేసింది. వందకు పైగా మనుషులు. ఆ పొడిని పలకమీద క్రొమటోగ్రఫీ చేసి, అంటే అందులోని పదార్థాలను విడదీసి, అసలు మొక్కతో పోల్చి ఉంటే తేడా కనిపించేది.

కిరణ్: మీరు దీని గురించి ఇంతగా...

సుధ: నాకు జరిగింది కాబట్టి. ఇక్కడ ఎప్పుడూ చెప్పలేదు.

కిరణ్: నాకూ చెప్పలేదు.

సుధ: పధ్నాలుగు నెలల పని. ఎండు ఆకుపొడి తెప్పించుకున్నాం, సంచి మీద పేరుంది, నమ్మాం. యాంటీఆక్సిడెంటు శక్తి చూసే డీపీపీహెచ్ పరీక్షలో ఊదారంగు చుక్కలోనే పసుపైపోయేది, చూసి ఎంత మురిసిపోయానో. సంచి అయిపోయింది, ఇంకోటి తెప్పించాం. ఊదా ఊదాగానే ఉంది. వారంరోజులు ద్రావణాలు మారుస్తూ కూర్చున్నాను. తర్వాత పొడిని సూక్ష్మదర్శిని కింద పెడితే ఆకు నూగు వేరు, పత్రరంధ్రాలు వేరు. రెండు సంచుల్లో రెండు మొక్కలు. మొదటిదాంట్లోది ఏ మొక్కో ఈ రోజుకీ తెలియదు. ఒక్క కొమ్మ, పువ్వుతో సహా, ఒక కాగితానికి కుట్టి పెట్టి ఉంటే సరిపోయేది.

కిరణ్: ...

సుధ: ఏమైనా అను, నిశ్శబ్దం రికార్డవుతోంది.

కిరణ్: నేను రాసుకున్న సమయాలు కొట్టేస్తున్నాను.

సుధ: అక్కర్లేదు. నీ మాత్ర సంగతి చెప్పు.

కిరణ్: ఆఁ. త్వరగా ఒక్కటి చెప్పేస్తాను. మందు కానిదానివల్ల ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకు. 1968లో ఆస్ట్రేలియాలో మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ గుళికల్లో మందు మోతాదు అంతే ఉంచి, నింపే పొడిని మాత్రం కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కు మార్చారు. రోగుల్లో విషలక్షణాలు మొదలయ్యాయి. సల్ఫేట్ అంతకుముందు మందు ఒంటికి పట్టకుండా కొంత అడ్డుపడేది. లాక్టోజ్ అడ్డుపడలేదు. అంతే తేడా.

సుధ: ఇది మొదటే చెప్పాల్సింది.

కిరణ్: మీరు చెప్పనిస్తేనా. బీకరు చూస్తాను... విడిపోలేదు. చుట్టూ జిగురు కట్టింది, లోపల గట్టిగా ఉంది.

సుధ: నీళ్ళు లోపలికి పోవడం లేదు. స్టియరేట్ ఎంతసేపు కలిపావు?

కిరణ్: రెండు నిమిషాలు అనుకున్నాను. మధ్యలో ఫోను వస్తే బయటికి వెళ్ళాను.

సుధ: యంత్రం ఆపే వెళ్ళావా?

కిరణ్: ...

సుధ: ఎంతసేపు మాట్లాడావు కిరణ్?

కిరణ్: ఉండండి, పట్టకారు ఎక్కడుంది, ముందు దీన్ని బయటికి తీస్తాను.