రికార్డు కోసం పుట్టిన బృందం

మిత్రులందరికీ నమస్కారం.

ఐర్లండ్ సంప్రదాయ సంగీతాన్ని ప్రపంచమంతా తిప్పిన ది చీఫ్‌టెన్స్ గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. కచేరీల జోలికి పెద్దగా పోను, రికార్డుల గురించే చెబుతాను. దానికి కారణం ఉంది. మామూలుగా ఒక బృందం ముందు ఊరూరా వాయిస్తుంది, నలుగురి నోళ్లలో పడుతుంది, ఆ తర్వాత స్టూడియోకి వెళ్తుంది. వీళ్ల విషయంలో ముందు రికార్డు అనుకున్నారు. వాయించడానికి మనుషుల్ని తర్వాత పోగుచేశారు.

అనుకున్నది గారెక్ బ్రౌన్ అనే డబ్లిన్ ఆసామి. గిన్నిస్ బీరు కుటుంబం వాడు, డబ్బుకు లోటు లేదు, పాత సంగీతమంటే ప్రాణం. 1959లో క్లాడా రికార్డ్స్ అనే చిన్న కంపెనీ పెట్టి, మొట్టమొదట లియో రౌసమ్ అనే విద్వాంసుడి రికార్డు తెచ్చాడు. ఆయన వాయించేది పైపులు, అంటే బ్యాగ్‌పైపు జాతికి చెందిన ఐర్లండ్ వాద్యం. ఆ రౌసమ్ శిష్యుడే పాడీ మొలోనీ. ఒకే ఒక్క రికార్డు కోసం ఒక బృందాన్ని కూర్చమని 1962లో మొలోనీని బ్రౌన్ అడిగాడు. పైపులు మొలోనీయే. టిన్ విజిల్ అనే రేకు పిల్లనగ్రోవికి షాన్ పాట్స్, ఫ్లూట్‌కి మైకెల్ టబ్రిడీ, ఫిడిల్‌కి మార్టిన్ ఫే, బౌరాన్ అనే చేతి డప్పుకి డేవిడ్ ఫాలన్ వచ్చారు.

ఆ రోజుల్లో ఐర్లండ్‌లో బృందం అంటే కేలీ బ్యాండ్. అకార్డియన్లు, పియానో, డ్రమ్ములు, అందరూ కలిసి ఒకే బాణీని మొదటినుంచి చివరిదాకా వాయించడం. డాన్సు హాల్లో అడుగులు వేయడానికి అది చాలు. కూర్చుని వినాలంటే మాత్రం ఏ వాద్యం ఏం చేస్తోందో తెలియదు. షాన్ ఓ రియాదా అనే స్వరకర్తకు ఇది బొత్తిగా నచ్చలేదు. సంప్రదాయ వాద్యకారుల్ని చేరదీసి, ఒకరి తర్వాత ఒకరు అందుకునేలా, మధ్యలో ఇద్దరు ముగ్గురు మాత్రమే మిగిలేలా ఏర్పాటు చేసి వాయింపించాడు. మొలోనీ, పాట్స్, ఫే, టబ్రిడీ అందరూ ఆ గుంపులోని వాళ్లే. కాబట్టి చీఫ్‌టెన్స్ పద్ధతికి మూలం ఓ రియాదా అని ఒప్పుకోవాలి. మొలోనీని మెచ్చుకునే ఉత్సాహంలో చాలామంది ఈ మాట మరిచిపోతారు.

మొదటి రికార్డు వినేటప్పుడు ఒక పని చేయండి. బాణీని వదిలేసి, ఎవరు ఎప్పుడు ఆగుతున్నారో గమనించండి. ఐరిష్ బాణీలు చిన్నవి. మామూలుగా రెండు చరణాలు, ఒక్కోటి రెండేసి సార్లు, మళ్లీ మొదటికి. జిగ్ అయితే మనకు అలవాటైన తిశ్రం నడకలా ఉంటుంది, రీల్ అయితే చతురశ్రం. ఇంత చిన్న బాణీ మూడు నాలుగు నిమిషాలు విసుగు పుట్టించకుండా నడవాలి. విజిల్ ఒంటరిగా ఎత్తుకుంటుంది. ఫ్లూట్ కలుస్తుంది. పైపులు వచ్చేసరికి విజిల్ తప్పుకుంటుంది. వెనక గిటారు లేదు, పియానో లేదు. ఆ ఖాళీయే ఈ రికార్డు అందం. మైకు దగ్గర నిలబడి తూకం చూసుకుంటే తప్ప ఇలాంటి అమరిక కుదరదు.

పైపుల గురించి రెండు మాటలు. స్కాట్లండ్ బ్యాగ్‌పైపుని నోటితో ఊదుతారు, వీధుల్లో నిలబడి వాయిస్తారు. ఐర్లండ్ ఇలన్ పైపుల్ని కూర్చుని వాయిస్తారు, నోటితో పని లేదు. ఒక మోచేతి కింద చిన్న కొలిమితిత్తి గాలి కొడుతుంటే, రెండో చంకలోని సంచి ఆ గాలిని గొట్టాలకు పంపుతుంది. మన ఊళ్లలో శ్రుతి కోసం పట్టే మేకతోలు తిత్తిలాగే ఇందులోనూ ఆగని శ్రుతి ఉంటుంది. దానితో పాటు రెండు స్థాయిల బాణీ పలుకుతుంది, మణికట్టుతో నొక్కే మీటల మీద ఒకేసారి కలిసి వినిపించే జోడు స్వరాలూ పలుకుతాయి. ఇంత పని ఒక్క మనిషే చేయాలి. మొలోనీ ఇవన్నీ చేస్తూనే బృందాన్ని నడిపించేవాడు.

రికార్డు బాగుంది, మెచ్చుకున్నారు. ఆ తర్వాత? ఎవరి ఉద్యోగానికి వాళ్లు వెళ్లిపోయారు. మొలోనీ లెక్కలు చూసుకునేవాడు, టబ్రిడీ ఇంజనీరు, పాట్స్ తపాలా శాఖ. రెండో రికార్డు 1969లో గానీ రాలేదు. పేర్లు పెట్టడం మీద కూడా శ్రద్ధ లేదు: చీఫ్‌టెన్స్ 2, 3, 4, అంతే. ఈలోగా ఫిడిల్ వాయించే షాన్ కీన్ చేరాడు. తర్వాత బెల్‌ఫాస్ట్ బీబీసీ ఆర్కెస్ట్రాలో హార్ప్ అనే తీగల వాద్యం వాయించే డెరెక్ బెల్ వచ్చాడు. 1973 నాటి నాలుగో రికార్డులో అతని హార్ప్ వినిపిస్తుంది. నన్నడిగితే వాళ్ల రికార్డుల్లో పైమెట్టు అదే. మొదటి రికార్డులోని ఖాళీ పోలేదు, దాని కింద నేల మాత్రం గట్టిపడింది. అందులోనే 'ఐర్లండ్ స్త్రీలు' అనే నెమ్మది బాణీ ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు కవితకు ఓ రియాదా కట్టిన వరస. స్టాన్లీ కుబ్రిక్ దాన్ని 1975లో తన బ్యారీ లిండన్ సినిమాలో వాడుకున్నాడు. అదే ఏడాది మార్చి 17న, సెయింట్ ప్యాట్రిక్ పండగ రోజు, వీళ్ల కచేరీకి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ నిండిపోయింది. ఉద్యోగాలు వదిలి పూర్తికాలం వాయించడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. మొదటి బృందం కట్టి అప్పటికి పన్నెండేళ్లు దాటింది!

1979లో టబ్రిడీ, పాట్స్ తప్పుకున్నారు. ఫ్లూట్‌కి మ్యాట్ మోలాయ్ వచ్చాడు. అతని వేగం, ఊపిరి మీద పట్టు వేరే లెవెల్. ఆ మార్పు బృందానికి లాభమే.

ఇక అతిథుల కాలం. 1988లో గాయకుడు వాన్ మోరిసన్‌తో చేసిన ఐరిష్ హార్ట్‌బీట్ నాకిష్టం. అక్కడ గొంతు, వాద్యాలు ఒకదాన్నొకటి గౌరవించుకున్నాయి. 1995 నాటి ద లాంగ్ బ్లాక్ వెయిల్‌లో స్టింగ్, మిక్ జాగర్, టామ్ జోన్స్, మేరియన్ ఫెయిత్‌ఫుల్... జాబితా చూస్తే పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లు గుర్తొస్తాయి. పెళ్లికొడుకు ఎక్కడో అడుగున ఉంటాడు. అయినా దాన్ని కొట్టిపారేయలేను. బ్రిటిష్ పాలన మీద ఐర్లండ్‌లో జరిగిన 1916 తిరుగుబాటు మీది పాటను సినాడ్ ఓకానర్ పాడిన తీరు కోసమైనా వినాలి. మొత్తం ఆరు గ్రామీలు వచ్చాయి. ఎక్కువమంది వీళ్లని మొదట విన్నది ఈ కాలపు రికార్డుల్లోనే. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెడితే తప్పులేదు, అక్కడే ఆగిపోతేనే బాధ.

అదే కాలంలో తక్కువమంది తలచుకునే రెండు రికార్డులున్నాయి. ఒకటి 1993 నాటి ద కెల్టిక్ హార్ప్. 1792లో బెల్‌ఫాస్ట్‌లో మిగిలిన ముసలి హార్ప్ వాద్యకారుల్ని ఒకచోట చేర్చినప్పుడు, వాళ్ల బాణీల్ని రాసిపెట్టమని పంతొమ్మిదేళ్ల ఎడ్వర్డ్ బంటింగ్‌కి అప్పగించారు. ఆ కుర్రాడు రాసుకోకపోతే ఎన్నో బాణీలు ఆ ముసలివాళ్లతోనే పోయేవి. అతనికి నివాళి ఈ రికార్డు. రెండోది 1996 నాటి శాంటియాగో. స్పెయిన్ వాయవ్య మూల గలీసియాలోనూ పైపుల సంప్రదాయం ఉంది. అక్కడి కార్లోస్ నూన్యెజ్‌తో కలిసి వాయించారు. పేరున్న గొంతుల వెంట పడకుండా బంధుత్వమున్న సంగీతం వెంట వెళ్లినప్పుడు మొలోనీ పని ఎంత బాగుంటుందో ఇందులో తెలుస్తుంది.

డెరెక్ బెల్ 2002లో, మొలోనీ 2021 అక్టోబరులో కన్నుమూశారు. 2012 నాటి యాభయ్యేళ్ల రికార్డు వాయిస్ ఆఫ్ ఏజెస్‌లో చీఫ్‌టెన్స్ కుర్ర బృందాలతో కలిసి వాయించారు. అందులో అంతరిక్ష కేంద్రం నుంచి ఒక వ్యోమగామి వాయించిన ఫ్లూట్ కూడా ఉంది. సరదాగా వినండి, అంతకు మించి ఆశించకండి.

మాటలు చాలు. నాలుగో రికార్డులోని 'ఐర్లండ్ స్త్రీలు' ఇప్పుడు వినిపిస్తాను. ఆ తర్వాత మొదటి రికార్డులోంచి ఒక రీల్. ఈ రెండింటి మధ్య తేడా మీకు ఏమనిపించిందో ప్రశ్నల సమయంలో చెప్పండి. లైట్లు ఆర్పక్కర్లేదు, సౌండ్ మాత్రం కాస్త పెంచండి.